గోడకిచ్చిన చెవి

గోడకు చెప్పుకున్నా కొంత నయం. అది వినకపోయినా ఎదురు ప్రశ్నలు వెయ్యదు. డాక్టర్ భ్రమరాంబ ఖర్మ కొద్దీ తన గోడు గోడకు కాక, గోడను కాపాడే సంఘానికి చెప్పుకోవలసి వచ్చింది. అదీ నలభై మూడు రోజులుగా.

బందరులోని చెల్లాయమ్మ దొరసాని ఆసుపత్రి నూట ముప్పై ఏడేళ్ళ నాటి కట్టడం. గజం మందం గోడలు. ఎద్దులు గానుగ తిప్పి నూరిన సున్నం, అందులో కరక్కాయ నీళ్ళు, బెల్లం పులుసు. ఆ రోజుల్లో గోడలు తిన్నంత పుష్టిగా మనుషులు తిని ఉండరు. ద్వారాల వెడల్పు మాత్రం మూడున్నర అడుగులే. ఆ కాలంలో వాటిలోంచి లోపలికి పోవలసిన అతి పెద్ద శాల్తీ చెల్లాయమ్మ దొరసానే. ఇప్పుడు పోవలసింది ఏడడుగుల వెడల్పున్న స్కానింగ్ యంత్రం. అది ఆవరణలో టార్పాలిన్ కప్పుకుని, విడిదింట్లో అలిగిన పెళ్ళికొడుకులా కూర్చుంది. నెలాఖరులోగా లోపలికి రాకపోతే ఇంకో జిల్లాకి అల్లుడైపోతుంది. అప్పుడిక తలకు దెబ్బ తగిలినవాళ్ళూ, కడుపులో గడ్డలున్నవాళ్ళూ ఎప్పటిలాగే బెజవాడ బస్సెక్కి, డెబ్బై కిలోమీటర్ల గుంతల్లో ఎగిరెగిరి పడి, ఉన్న జబ్బుకి ఇంకొకటి జతచేసుకుని స్కానింగ్ తీయించుకోవాలి.

ద్వారం పెద్దది చెయ్యడానికి వీల్లేదు, అది పురాతనం. ఆవరణలో కొత్త గది కట్టడానికి వీల్లేదు, ఆవరణా పురాతనమే. పైకప్పు విప్పడానికి అసలే వీల్లేదు. పైన కాన్పుల వార్డుంది. మొత్తం ఆసుపత్రిలో పురాతనం కానివాళ్ళంటూ ఉంటే ఆ వార్డులో పుట్టే పిల్లలే.

అందుకని భ్రమరాంబని పిలిపించారు. ఆవిడ కట్టడ పదార్థాల శాస్త్రజ్ఞురాలు. యాభై రెండేళ్ళ మనిషి. పదకొండేళ్ళపాటు సున్నం ముద్దల ముందు కూర్చుని, సున్నంలోంచి చివరికి వచ్చేది సున్నే అని వెక్కిరించిన వాళ్ళందరి నోళ్ళూ మూయించింది. ఆవిడ కనిపెట్టిన యంత్రం పేరు 'సడలిక'.

ఆసుపత్రి వెనకున్న పాత గుర్రపుశాలను ప్రయోగశాలగా ఇచ్చారు. ఆ ఉదయం అక్కడికి పురాతన కట్టడాల పరిరక్షణ సంఘం మొత్తం వేంచేసింది. మొత్తం అంటే కార్యదర్శి జగన్నాథరావుగారూ, ఆయన వెనక తలలూపే నలుగురూ. జగన్నాథరావుగారు రిటైరైన చరిత్ర లెక్చరరు. కార్యదర్శి అన్న మాటకి ఆయన చెప్పుకున్న అర్థం ఒకటే, కార్యాన్ని దర్శించాలి, చెయ్యకూడదు.

ఎదురుగా శంభయ్య మేస్త్రీ పాత పద్ధతిలో కట్టిన ఆరడుగుల పరీక్ష గోడ ఉంది. దాని మీద బొట్టుబిళ్ళలంత సెన్సర్లు పన్నెండు అంటించి ఉన్నాయి. గోడ పేరంటానికి బయల్దేరినట్టుంది.

భ్రమరాంబ మీట నొక్కింది. మనిషికి వినపడని మోత ఒకటి గోడలోకి పాకింది. ముందు కాస్త దుమ్ము రాలింది. తరవాత ఇటుకల మధ్య సున్నం చెమర్చింది, మెత్తబడింది, చూస్తుండగానే రుబ్బిన మినప్పిండిలా జారుగా అయింది. ఇటుకలు ఇటుకల్లాగే ఉన్నాయి, వాటి పట్టు మాత్రమే సడలింది. పన్నెండు పచ్చదీపాలూ వెలగగానే రెండు ఉక్కుపలకలు మధ్యలో దూరి గోడను చెరోపక్కకీ నెట్టాయి. గోడ కిటికీ తెరలా తప్పుకుంది. భ్రమరాంబ ఆ సందులోంచి అవతలికి దర్జాగా నడిచివెళ్ళి, అంత దర్జాగానూ తిరిగొచ్చింది. పలకలు గోడను వెనక్కి నెట్టాయి. మోత ఆగింది. సున్నం బిగుసుకుంది. ఎక్కడా గీటు లేదు.

జగన్నాథరావుగారు లేచి చప్పట్లు కొట్టారు.

"అద్భుతమండీ! గోడ గోడలాగే ఉంది! ఇంతకీ ఆ బొట్టుబిళ్ళలేమిటి?"

"సెన్సర్లండీ. ఇది పాకం పట్టడం లాంటిది. లేతగా ఉన్నప్పుడు నెట్టినా, మధ్యలో మోత ఆపినా గోడ పగులుతుంది. ముదిరితే గోడంతా కారిపోయి, పైనున్న కాన్పుల వార్డు కిందికి దిగుతుంది. సరిగ్గా తీగపాకం దగ్గర నెట్టాలి. ఆ సమయం ఇవి చెప్తాయి."

"గోడకి దేంతో అంటించారు?"

"బంకతో."

చప్పట్లు కొట్టిన చేతులే అడ్డంగా ఊగాయి.

"అయితే కుదరదండీ. అయిదో నిబంధన, రెండో పేరా. పురాతన కుడ్యమునకు బంక తగలరాదు."

"మరి ఆ కుడ్యాన్ని నిలువునా చీల్చడానికి అభ్యంతరం లేదా?"

"చీల్చడం గురించి నిబంధనల్లో ఏమీ లేదండీ. అవి రాసిననాటికి మీ యంత్రం లేదుగా. బంక ఉంది."

భ్రమరాంబ పళ్ళు నూరింది. గానుగలో వేసినా అంత మెత్తగా నలగవు. ఆయనకి కట్టడం మీద ఎంత ప్రేమున్నా నోట్లోంచి ఎప్పుడూ కట్టడే వస్తుంది. వీళ్ళు మనకి మిగిల్చేది వారసత్వం కాదు, నీరసత్వం అనుకుంది.

అప్పటిదాకా ఓ మూల తాపీ కడుక్కుంటున్న శంభయ్య మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. అరవై ఏడేళ్ళ మనిషి. ఆ చుట్టుపక్కల గానుగ సున్నం పని తెలిసినవాళ్ళలో ఆఖరివాడు.

"బొట్టుబిళ్ళలెందుకమ్మగారూ? మీ దీపాలు ఎలక్కముందే పాకం వచ్చేసిందని నాకు తెలిసిపోయింది. గోడకి చెవి ఆనిస్తే అదే చెప్పుద్ది. మా పెద్దోళ్ళు సున్నం పదును చెవితోనే చూసేవోళ్ళు."

"చెవి!" అన్నారు జగన్నాథరావుగారు, తనే కనిపెట్టినట్టు. "బ్రహ్మాండం! చెవికి బంక అక్కర్లేదు. పెట్టి తీసెయ్యొచ్చు. రాసుకోండయ్యా, 'కుడ్యమునకు తాత్కాలికముగా ఒక మనిషి చెవిని ఆనించుటకు సంఘమునకు అభ్యంతరము లేదు.'"

నలుగురూ తలలూపారు. ఆ ఊపు కూడా పురాతనమే, దాన్ని సడలించే యంత్రం ఇంకా రాలేదు.

*

శంభయ్య ఇంకో మూడు గోడలు కట్టాడు. మూడింటికీ చెవి పెట్టాడు. మేస్త్రీలు పరంజా మీంచి కింది కూలీలకు చేసే సైగలే ఇక్కడా వాడుకున్నారు. పిడికిలి బిగిస్తే ఆగమని, అరచెయ్యి విప్పితే కానిమ్మని. భ్రమరాంబ గోడ వెనకవైపు రహస్యంగా సెన్సర్లు అంటించి సరిచూసింది. మూడుసార్లూ శంభయ్య అరచెయ్యి విప్పిన క్షణానికే దీపాలు వెలిగాయి. ఒకసారైతే దీపాల కన్నా ముందే విప్పాడు. భ్రమరాంబ పొంగిపోయింది. కాల్చిన సున్నపురాయి మీద నీళ్ళు పడితే ఎంత పొంగుతుందో అంత పొంగింది.

మూడో గోడ దగ్గరనించి శంభయ్య లేచాడు, రెండడుగులు వేశాడు, తూలి సున్నం తొట్టెలో కూర్చున్నాడు.

"నవ్వకండమ్మగారూ. చెవిలో జోరీగ దూరినట్టుంది. నేల పడవలాగా ఊగతంది."

భ్రమరాంబ నవ్వలేదు. చెయ్యిపట్టి చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఎడమచెవి సగం పోయిందని చెప్పారు. భ్రమరాంబ ఆ కాగితం చేత్తో పట్టుకుని గుర్రపుశాలకి వచ్చి కూలబడింది. అప్పుడు తట్టింది. మనిషి చెవి లోపల, మనల్ని నిటారుగా నిలబెట్టే చోట, ఇసకరేణువుల కన్నా సన్నని గుళికలుంటాయి. అవి సున్నపురాయే. గోడలో ఉన్నదీ అదే, చెవిలో ఉన్నదీ అదే, యంత్రానికి తేడా తెలియదు. గోడ పట్టు సడలించిన మోతే మనిషి పట్టునీ సడలిస్తోంది. వినికిడి నరాన్ని దారిలో నమిలేస్తోంది. గోడను మళ్ళీ యథాస్థానానికి నెట్టడానికి ఉక్కుపలకలున్నాయి. చెవికి లేవు.

పదకొండేళ్ళలో ఈ సంగతి బయటపడలేదంటే కారణం ఒక్కటే. ప్రయోగశాలలో ఎప్పుడూ బంక సీసా ఉండేది. గోడకి చెవి ఆనించవలసిన గతి ఎవరికీ పట్టలేదు.

ఆవిడ వినతిపత్రం రాసుకుని సంఘం ఆఫీసుకు పరిగెత్తింది. వినతి అంటే వినేవాడుండాలి కదా. జగన్నాథరావుగారు చదివి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని అన్నారు.

"పాపం. మనిషి చెవి విషయంలో మాకూ సానుభూతి ఉందండీ. కానీ మా పరిధి కట్టడాల వరకే."

సంఘం ఆఫీసు కూడా ఆసుపత్రి కట్టడంలోనే ఓ గది. ఆయన తల వెనక గోడ మీద ఓ కాగితం అతికించి ఉంది. 'ఈ గోడపై కాగితములు అంటించరాదు. ఇట్లు, సంఘం.'

"ఇది దేంతో అంటించారండీ?" అంది భ్రమరాంబ.

"మైదాపిండి ఉడకబెట్టి. బంక కాదు."

"అయితే నా సెన్సర్లూ మైదాపిండితోనే అంటిస్తాను. పన్నెండు బొట్టుబిళ్ళలు. నాలుగు నిమిషాలు. పని అవగానే తడిగుడ్డతో తుడిచేస్తాను."

ఆయన ఒక్క క్షణం ఇబ్బంది పడ్డారు. ఒక్క క్షణమే.

"అది ప్రకటన, ఇది పరికరం. పరికరాలకి రాజధానినించి అనుమతి రావాలి. ఆరు నెలలు పడుతుంది. మీ యంత్రం నెలాఖరుకి వెళ్ళిపోతుందనుకుంటాను?"

"గోడకున్న విలువ మనిషికి లేదా అండీ?"

"మనిషి పురాతనం కాదు కదండీ," అన్నారాయన, ఎంతో మర్యాదగా. "అరవై ఏడేగా!"

*

శంభయ్య ఇల్లు చిలకలపూడి వైపు. పని మానెయ్యమని చెప్పడానికి వెళ్ళింది భ్రమరాంబ. వాకిట్లో శంభయ్య భార్య రాఘవమ్మ దోసకాయలు తరుగుతోంది.

"రండి డాక్టరమ్మా. మా ఆయన చెవి మీరుచ్చుకున్నారంట. ఎనకాలే ఆ ముక్కు కూడా పట్టుకుపోండి, గురకన్నా తగ్గుద్ది."

రాఘవమ్మ కత్తిపీట పక్కకి తోసింది.

"నలభై రెండేళ్ళనించీ తిడతన్నానమ్మా ఈయన్ని. ఒక్కరోజు మారుమాట అన్లేదు. అన్నం తింటా ఇనేవోడు, బీడీ కాలస్తా ఇనేవోడు. మజ్జిగలో ఉప్పెక్కువైందని నన్ను నేనే తిట్టుకుంటే, 'పోనీలేయే' అనేవోడు. ఇనపడని మనిషిని తిడితే ఏముంది? ఏట్లో చింతపండు పిసికినట్టే గదా. నాకు ఈయన చెవులు కావాలమ్మా. ఆ గోడ ఏవైపోతే నాకేంది?"

"అందుకే వచ్చాను రాఘవమ్మా. ఇంక వద్దని చెప్పడానికే."

శంభయ్య నులకమంచం మీంచి లేచి వచ్చాడు. భ్రమరాంబ మొహంలోకే చూస్తూ ఆవిడ చెప్పిందంతా తలూపుతూ విన్నాడు.

"అట్టాగేనమ్మగారూ. మీరన్నది నిజమే. కానీ ఒక్క మాట. ముప్పై ఏళ్ళనించీ సిమెంటు పనే చేస్తన్నా. సిమెంటు మూగది. కొడితే పలకదు, తడితే పలకదు. ఆ ఆసుపత్రి గోడ మా ముత్తాత చేతిది. నేను నిన్న మొన్న కట్టిన గోడలోనే మీ మోతకి లోపల గానుగ తిరిగినట్టు ఇనపడింది. ఆయన కట్టిన గోడలో ఇంకెంత ఇనపడుద్దో! ఎడమ చెవి ఎటూ సగం పోయింది. దాన్నే పెడతా. కుడిచెవికి దూది కుక్కి మైనం మెత్తుకుంటా. మీకు ఆసుపత్రి, నాకు మా ముత్తాత, దీనికి ఒక చెవి. అందరికీ సరిపోద్ది."

"నాకు సగం మొగుణ్ణి పంచుతున్నాడు చూడమ్మా," అంది రాఘవమ్మ. కానీ కత్తిపీట మళ్ళీ దగ్గరికి లాక్కుంది. అంటే ఒప్పుకున్నట్టే.

వద్దనవలసింది భ్రమరాంబే. వద్దనడానికే వచ్చింది. వచ్చి "సరే" అంది. ఆ సరేలో సగం బెజవాడ బస్సెక్కే రోగుల కోసం. మిగతా సగం పదకొండేళ్ళ సున్నం ముద్ద కోసం. తరవాత ఎన్నిసార్లు తూచి చూసుకున్నా ఆ రెండో సగమే కాస్త బరువుగా తూగేది.

*

నెలాఖరుకి రెండు రోజుల ముందు, ఉదయం తొమ్మిదింటికి ముహూర్తం. పైన కాన్పుల వార్డు ఖాళీ చేయించారు, ఒక్క మంచం తప్ప. ఆ మంచం మీద గూడూరునించి వచ్చిన పిల్లకి అప్పటికే నొప్పులు ముదిరిపోయాయి, కదల్చకూడదన్నారు నర్సులు. ఆపుదామా అంది భ్రమరాంబ. యంత్రాన్ని రోలర్ల మీదికి ఎత్తే క్రేను మళ్ళీ వారం దాకా దొరకదన్నారు. కాన్పుకీ క్రేనుకీ కూడా సంఘం నిబంధనలు వర్తించవు.

శంభయ్య తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. కుడిచెవిలో దూది, దాని మీద మైనం. గోడకి దణ్ణం పెట్టి ఎడమచెవి ఆనించి, పిడికిలి పైకెత్తాడు. ఇరవై అడుగుల దూరంలో మీట దగ్గర భ్రమరాంబ.

మోత మొదలైంది. నిమిషం గడిచింది. దుమ్ము రాలింది. సున్నం చెమర్చింది. శంభయ్య నుదురు ముడిపడింది. ఇంకో అర నిమిషం. అతని కళ్ళు గాభరాగా అటూ ఇటూ తిరిగాయి, తప్పిపోయిన దారి వెతుక్కుంటున్నట్టు.

అప్పుడు తెలిసింది భ్రమరాంబకి. ఎడమచెవి సగం కాదు, పూర్తిగా పోయింది. మూడో గోడ తరవాత కూడా అది పోతూనే ఉంది. పనిచేయించేవాళ్ళు ఏమన్నా 'అట్టాగే' అనడం మేస్త్రీల మర్యాద. ఆ 'అట్టాగే'ని ఆవిడ వినికిడి అనుకుంది. అతను ఇన్నాళ్ళూ ఆవిడ మాట వినలేదు, ఆవిడ పెదాలు చూశాడు. ఎడమవైపు నిలబడి తను ఒక్కసారి పిలిచి చూసినా బయటపడేది. సెన్సర్లను రోజుకి నాలుగుసార్లు సరిచూసే మనిషి, అదొక్కటీ చెయ్యలేదు.

శంభయ్య రెండో చెయ్యి కుడిచెవికి వెళ్ళింది. మైనం ఊడబెరికాడు, దూది లాగేశాడు.

"మేస్త్రీ! వద్దు!"

అతను తల తిప్పి కుడిచెవి గోడకి ఆనించాడు.

ఆవిడ చెయ్యి మీట మీదే ఉంది. ఆపితే గోడ సగం పాకంలో పగుళ్ళిస్తుంది, పైన గూడూరు పిల్ల ఉంది. ఆపకపోతే ఈ మనిషికి మిగిలిన ఒక్క చెవీ పోతుంది. భ్రమరాంబ "వద్దు వద్దు" అని అరుస్తూనే ఉంది, మీట మాత్రం ఆపలేదు.

శంభయ్య ముడిపడిన నుదురు విప్పారింది. కళ్ళు మూసుకున్నాడు. నోరు కొంచెం తెరుచుకుంది, ఎవరో చాలా కాలానికి కబురు చెప్తుంటే వింటున్నవాడిలా. ఎద్దుల నడకకి ఊగినట్టు తల మెల్లిగా ఊగింది. తరవాత, పిడికిలి విప్పాడు.

పలకలు కదిలాయి. గోడ తప్పుకుంది. ఏడడుగుల పెళ్ళికొడుకు రోలర్ల మీద దొర్లుతూ లోపలికి వెళ్ళాడు. గోడ మూసుకుంది, మోత ఆగింది. సరిగ్గా అప్పుడే పైన పసిబిడ్డ కెవ్వుమని ఏడ్చింది.

కూలీలు, నర్సులు, డ్రైవరు, జగన్నాథరావుగారు, అందరూ నవ్వుతూ తలలెత్తి పైకి చూశారు.

శంభయ్య ఎత్తలేదు. అతను గోడ పట్టుకుని నిలబడటానికి ప్రయత్నిస్తున్నాడు.

*

మర్నాడు సంఘం భూతద్దంతో వచ్చి గోడని అంగుళం అంగుళం పరిశీలించింది. 'కట్టడమునకు ఎట్టి మార్పు గానీ, నష్టము గానీ సంభవించలేదు' అని రాసి, అయిదుగురూ సంతకాలు పెట్టారు. భ్రమరాంబ సంతకం కూడా పెట్టమన్నారు. ఆవిడ కాగితం వెనక్కి తోసేసింది. పోనీలెమ్మని వాళ్ళు అయిదు సంతకాలతోనే సరిపెట్టుకున్నారు. 'సడలిక'ని కూడా భ్రమరాంబ అదే రోజు విప్పి పెట్టెలో పెట్టించింది. బంకకి అనుమతి లేని చోట దాన్ని ఇంక తెరవనంది. రాష్ట్రంలో అలాంటి చోట్లు నూట పన్నెండున్నాయని, వాటన్నిటికీ చెవులిచ్చే మేస్త్రీలు దొరుకుతారని ఎవరో అన్నారు. భ్రమరాంబ ఆ మనిషిని చూసిన చూపుకి సున్నం కూడా దానంతటదే సడలిపోయేదే.

పది రోజుల తరవాత ప్రారంభోత్సవం. మంత్రిగారు వస్తున్నారు. శంభయ్యకి సన్మానమని పిలిచారు. రాఘవమ్మ అతని మోచెయ్యి పట్టుకుని, మెట్టుమెట్టుకీ ఆపుతూ తీసుకొచ్చి వరండాలో గోడకి ఆనించి కూర్చోబెట్టింది. ఆ ముసలావిడ పది రోజులుగా తిట్టడం మానేసింది. ఆ ఇంటి పక్కవాళ్ళకి నిద్ర పట్టడం లేదట, అలవాటు తప్పి.

భ్రమరాంబ వచ్చి వాళ్ళ ఎదురుగా నేల మీదే కూర్చుంది. పెదాలు కనిపించేలా నెమ్మదిగా అంది. "ఆ రోజు ఏం వినపడింది మేస్త్రీ?"

శంభయ్య మొహం వెలిగింది. తన గొంతు తనకి వినపడదు కాబట్టి వరండా అదిరేలా చెప్పాడు. "గానుగేనమ్మగారూ! ఎద్దుల మెడలో గంటలతో సహా! ఆఖరుగా అదే ఇన్నా. ఇంకా లోపల తిరగతానే ఉంది." ఆ మాట అని, భార్య వంక చూసి, గొంతు తగ్గించబోయి, ఎంత తగ్గించాలో తెలియక అంతే గట్టిగా అన్నాడు. "దీని మాట కూడా ఓసారి ఇని ఉండాల్సింది. మర్చిపోయా."

రాఘవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడే మంత్రిగారి కారు వంతెన దాటిందని కబురొచ్చింది. ఫ్లెక్సీ ఇంకా కట్టలేదు! పన్నెండడుగుల ఫ్లెక్సీ. మంత్రిగారి నవ్వు ఎడంవైపు, జగన్నాథరావుగారి నమస్కారం కుడివైపు, మధ్యలో 'వారసత్వాన్ని కాపాడుకుందాం'. తాళ్ళు చాల్లేదు, కట్టడానికి స్తంభాలు అందలేదు. జగన్నాథరావుగారు చెమటలు కక్కుతూ అటూ ఇటూ పరిగెత్తారు.

"చూస్తారేమయ్యా? మేకులు కొట్టండి! నాలుగు మూలలా నాలుగు కొట్టండి, పెద్దవి! గాలికి ఊడిపోకూడదు!"

శంభయ్య చేరగిలబడ్డ గోడకే కొట్టారు. మొదటి దెబ్బ. రెండో దెబ్బ. పెళ్ళలు రాలాయి. చుట్టూ బ్యాండు మేళం, మైకు గరగర. ఒక్కరూ తల తిప్పలేదు.

శంభయ్య వీపు నిటారైంది. వెనక్కి తిరిగి, అరచెయ్యి గోడకి ఆనించాడు. ఇంకో దెబ్బ పడింది. అతని మొహం తనకే తగిలినట్టు ముడుచుకుంది.

"అమ్మగారూ!" అని అరిచాడు. బ్యాండు మేళం ఆగిపోయింది. "ఎవరో కొడతన్నారమ్మా దీన్ని! ఏడుస్తంది! ఇంతమంది ఉన్నారే, ఎవరికీ ఇనపట్టం లేదా?"

సుత్తి గాల్లో ఆగింది. భ్రమరాంబ లేచింది, నోరు తెరిచింది. పదకొండేళ్ళ చదువులో ఇలాంటి చోట పనికొచ్చే మాట ఒక్కటీ లేదు.

రాఘవమ్మ ఆవిడ భుజం మీద చెయ్యి వేసి పక్కకి జరిపింది. కొంగు బిగించి, మెట్లు దిగి, జగన్నాథరావుగారి ఎదురుగా వెళ్ళి నిలబడింది. పది రోజుల బాకీతో సహా మొదలుపెట్టింది.

జగన్నాథరావుగారికి రెండు చెవులూ బ్రహ్మాండంగా పనిచేస్తాయి.